ముడి వేసిన బెల్టు

ఆ రోజు ఇంట్లో నాయనమ్మ ఉంది, అమ్మ ఉంది, మంచం మీద నడుం కదపలేని నాన్న ఉన్నాడు. గుమ్మంలో క్రేను నడిపే బాబాయి, గోడకు చేరగిలబడి నలుగురు కూలీలు. వంటింటి తలుపు చాటున, పదో తరగతి చదివే ఆ ఇంటి పిల్ల. పదిమందిలో ఆ పిల్లకు మాట పెగలదు.

కాంట్రాక్టరు పంపిన కాగితం నేల మీద ఉంది. 'బరువులెత్తే క్రేను బెల్టుకు ముడి వేసింది నేనే. ఇనుప దూలం నా మీద పడటం నా తప్పే.' నాన్న సంతకం పెడితేనే పెద్దాసుపత్రికి పంపిస్తారట.

"పెట్టెయ్యరా. నడుం నిలబడితే చాలు," అంది నాయనమ్మ.

"వేసింది నేనేగా అమ్మా. ఏనుగు లాగినా నా ముడి ఊడదని గొప్పలు పోయాను," అన్నాడు నాన్న.

"ముడి ఊడలేదన్నయ్యా," బాబాయి తల ఎత్తలేదు. "దాని పక్కన బెల్టు తెగింది. ముడేస్తే బెల్టు బలం సగం పోతుంది. నాకు తెలుసు. తెలిసే ఎత్తాను."

ఎవరూ తిట్టలేదు. కోపం రావడానికీ ఓపిక కావాలి.

"కొత్త బెల్టు అడిగితే కాంట్రాక్టరు ఏమన్నాడు? ముడేసి కానివ్వండెహె అన్నాడు," అన్నాడు కూలీల్లో బక్కోడు. "నిన్న నేనూ వేశాను."

"నువ్వేసిన ముడి గేదె కూడా విప్పుకుంటుంది," అన్నాడు గెడ్డపాయన. ఒకరు నవ్వబోయి ఆగారు. "నేనూ వేశాలే."

"నేనూ."

"నేనూనూ."

"అయితే అదే రాయండి," అంది అమ్మ. "మా పిల్ల రాస్తుంది."

పిల్ల బయటికి వచ్చి రాసింది. 'ముడులు అందరం వేశాం. కొత్త బెల్టులు ఇవ్వలేదు కాబట్టి వేశాం. ఇక వెయ్యం. కొత్తవి వచ్చేదాకా, మా మనిషిని ఆసుపత్రిలో చేర్చేదాకా క్రేను కొక్కెం లేవదు. మనిషి కింద ఉండగా బరువు ఎత్తం.'

"మొదట ఎవరు పెడతారు? మొదటివాడి పని పోతుంది," అన్నాడు బక్కోడు.

పిల్ల పళ్ళెం బోర్లించి కాగితం మీద సున్నా గీసింది. దాని చుట్టూ సంతకాలు, వేలిముద్రలు పడ్డాయి. మంచం దగ్గరికి తీసుకెళ్తే నాన్నా పెట్టాడు. మధ్యాహ్నానికి పనిచోట మిగతా కూలీలవీ చేరి రెండు వరసలయ్యాయి.

ఆఫీసులోకి కూలీలను రానివ్వలేదు. చిన్నపిల్లే కదా అని ఆమెను లోపలికి వదిలారు. గది గుమ్మంలోనే కాంట్రాక్టరు కాగితం అందుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"మొదటి సంతకం ఎవడిది?"

"మొదలు లేదండీ."

బయట క్రేను చప్పుడు ఆగింది. బాబాయి దిగిపోయి ఉంటాడు. కాంట్రాక్టరు కిటికీ వైపు చూసి, ఆమె ముఖం మీదే తలుపు వేశాడు.