ఖాళీ నేల మీద దీపం

దీపం ఆరిపోయి ఉంది. దాని కింద నేల తవ్వి ఉంది.

పరియంతో గడప మీదే నిలబడిపోయాడు. సన్నటి వాన. తడిమట్టి వాసన... ఆరిన వత్తి వాసన. దీపం మీద బోర్లించిన వెదురు బుట్ట పక్కకి ఒరిగి ఉంది.

లోపల, నాలుగు రోజుల పాప ఏడుస్తోంది.

ఒక్క కునుకు. అంతే తీశాడు. ఒక్క కునుకు.

పాప పుట్టిన రోజు, పాప వెంట బయటికొచ్చిన మావిని తన చేతులతోనే కడిగాడు. అది తండ్రి పని. కొత్త కుండలో పెట్టాడు. ఉప్పు వేశాడు, సూదీ దారం వేశాడు, బాగా చదువుకోవాలని ఓ పెన్సిలు వేశాడు. ఆడపిల్ల కాబట్టి గుమ్మానికి ఎడమ పక్కన పాతాడు. ముప్పై అయిదు రోజులు అక్కడ దీపం వెలుగుతూ ఉండాలి. ఎందుకంటే అది వట్టి మావి కాదు. పాపకి తోడబుట్టినది. దానికి చలి వేస్తే పాపకి చలి వేస్తుంది.

దానికి చీకటైతే —

మట్టిలోకి చేయి దూర్చాడు. మణికట్టు దాకా మట్టి. మోచేతి దాకా మట్టి.

కుండ లేదు.

కుక్క అనుకున్నాడు. కానీ కుక్క తవ్వితే మళ్ళీ మట్టి కప్పదు. అరచేత్తో తట్టి చదును చేయదు.

మనిషి.

గబగబా మట్టి సర్దాడు. బుట్ట సరిచేశాడు. దీపం వెలిగించాడు — ఖాళీ నేల మీద. భార్య విగాతికి తెలియకూడదని. బాలింత బెంగ పెట్టుకుంటే పాలు ఆగిపోతాయని.

“దీపంలో నూనె ఉందా?” లోపల్నుంచి విగాతి అడిగింది.

ఉందన్నాడు.

ఆ పొద్దున పాప పాలు తాగలేదు. నోటికి అందించినా మొహం తిప్పేసుకుంది. పరియంతో బస్సుల మెకానిక్కు. ఇంజను చప్పుడు వింటే చాలు, జబ్బేమిటో చెప్పేస్తాడు. ఈ చప్పుడు వింటుంటే మాత్రం చేతులు ఆడటం లేదు. ఎత్తుకున్నాడు. ఊపాడు. పొడిగుడ్డలు మార్చాడు. గుప్పెడంత ఒళ్ళు... అందులోంచి ఇంత ఏడుపు.

పాపకి ఒళ్ళు పట్టే తుకినా అవ్వ వచ్చింది. ఆవిడ చూపు ముందు బుట్ట మీదే పడింది. ఎందుకు? పాప మీద పడకుండా, బుట్ట మీదే ఎందుకు?

“కుండ పాతేటప్పుడు పక్కచూపులు చూశావు కదూ, కొత్త నాన్నా?” అందావిడ, పాప కాళ్ళు సాగదీస్తూ. “అందుకే నీ కూతురికి మెల్లకన్ను.”

విగాతి నవ్వింది. అతను నవ్వలేదు. అవ్వ గోళ్ళు చూస్తున్నాడు.

గోళ్ళ కింద పసుపు. మట్టి లేదు.

జావ తెచ్చిన పక్కింటావిడ గోళ్ళు చూశాడు. ఆకుకూరలమ్మి గోళ్ళు చూశాడు. ఆ రోజు వాకిట్లోకి వచ్చిన ప్రతివాళ్ళ గోళ్ళూ చూశాడు.

రానివాడు ఒక్కడే.

మామగారు సురాది. మూడిళ్ళ అవతల ఉంటాడు, ఒంటరిగా. మూడు రోజులూ తెల్లవారకముందే వచ్చి మనవరాల్ని చూసుకుని వెళ్ళాడు. ఈ రోజు రాలేదు.

పాపని గుడ్డలో చుట్టి, గొడుగు కింద బయల్దేరాడు. సన్నటి వాన. మెరాపి కొండ కనబడటం లేదు. పాప గుక్కపట్టి ఏడుస్తోంది.

మామగారి గోడకి పార ఆనించి ఉంది.

కడిగిన పార.

ఆ ఇంట్లో పారని ఎవరూ కడగరు.

ఇంటి వెనక్కి వెళ్ళాడు. వంటింటి చూరు కింద ముసలాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముందు కొత్తమట్టి. మట్టి చుట్టూ రాళ్ళు, బరువైన రాళ్ళు. మధ్యలో దీపం. ఆయన రెండు చేతులూ దానికి అడ్డం పెట్టి ఉన్నాడు.

కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గోళ్ళ నిండా మట్టి.

పాప ఏడుపు ఆపింది.

అలిసిపోయి ఆపిందో... ఇంకెందుకైనా ఆపిందో.

“మామయ్యా,” అన్నాడు పరియంతో.

ముసలాయన తలెత్తలేదు. దీపంతోనే చెప్పాడు.

“నేనే తవ్వాను. తెల్లారగట్ల వచ్చేసరికి దీపం కొండెక్కి ఉంది. ఉడుము బుట్ట కింద మూతి పెట్టి గోకుతోంది. కిటికీలోంచి చూశాను, పిల్లని గుండెల మీద వేసుకుని నిద్రపోతున్నావు. లేపబుద్ధి కాలేదు. ఆ నేల మీద నమ్మకమూ పోయింది. తెచ్చి ఇక్కడ పెట్టుకున్నాను.

“చెబుదామనే అనుకున్నాను బాబూ. చెబితే, ఇంత భయం దేనికని అడుగుతావు.

“విగాతి కంటే ముందు మాకో మగపిల్లాడు. నాలుగో రోజు నాకూ ఇలాగే కన్నంటుకుంది. లేచి చూస్తే దీపం లేదు, నేల తవ్వి ఉంది, కుండ పగిలి ఉంది. లోపల ఏమీ లేదు. మట్టి కప్పేశాను. ఎవరికీ చెప్పలేదు. ఏడో రోజుకి పిల్లాడు లేడు. జ్వరం అన్నారు. నేనూ జ్వరమే అన్నాను. మీ అత్తయ్య పోయేదాకా జ్వరమే అన్నాను.

“ఖాళీ నేల మీద దీపం వెలిగించాను బాబూ. ఆ మూడు రోజులూ మీ అత్తయ్య దాంట్లో నూనె పోస్తూనే ఉంది.”