ఫ్రిజ్ తలుపు ఏ వైపు?

పక్షవాతం వచ్చి మా అత్తగారి ఎడమ చెయ్యీ కాలూ చచ్చుబడ్డాయి. నోరు మాత్రం నిక్షేపంలా ఉంది. ఆ నోటితో అన్నీ అంటారు గానీ, దాహమేస్తోంది, మంచినీళ్ళివ్వు అని మాత్రం అనరు. ఒకరిని అడగడమంటే ఆవిడకి తల తీసేసినట్టుంటుంది. నాలుక పిడచకట్టుకుపోయినా అలాగే కూర్చుంటారు. అందుకే ఆవిణ్ణి కింది గదిలోకి మార్చేటప్పుడు, ఆవిడ చిన్న ఫ్రిజ్ కూడా మంచం పక్కకే దించాలని పట్టుబట్టాను.

ముందురోజు సాయంత్రమే ప్లగ్గు తీసి, తలుపు తెరిచి, కింద పాత తువ్వాలు పరిచాను. మా ఆయనకి ఓపిక తక్కువ. కత్తి పట్టుకొచ్చి ఐసు గీకబోయారు.

"అది లోపలి గోడకి దిగిందంటే గ్యాసు పోతుంది. ఫ్రిజ్ కాస్తా బీరువా అవుతుంది. అవతల పెట్టండి!"

"అత్త మీద కోపం దుత్త మీద అంటారు. నువ్వు మొగుడి మీద చూపిస్తున్నావే," అన్నారు. కత్తి మాత్రం పెట్టేశారు.

పొద్దున్నే అరలన్నీ తీసి, తలుపుకి తాడు కట్టాను. ఆయనా మా తమ్ముడూ మోశారు. పడుకోబెట్టకండి, నిలబెట్టే దించండి అని మెట్టు మెట్టుకీ అరిచాను. వింటేగా! మలుపులో పట్టు చాలక పడుకోబెట్టనే పెట్టారు. లోపలి ఆయిలు మళ్ళీ కిందికి దిగాలి కాబట్టి మధ్యాహ్నం దాటేదాకా స్విచ్ వెయ్యొద్దన్నాను.

గదిలో ప్లగ్గు ఉన్నది ఒక్క మూలే. అక్కడ గోడకి కాస్త ఎడంగా నిలబెట్టి తెరిస్తే, తలుపు మంచం వైపు అడ్డంగా నిలబడింది. నీళ్ళు తీసుకోవాలంటే లేచి చుట్టూ తిరిగి రావాలి. మంచం జరపడానికి చోటు లేదు. అత్తగారు అది చూసి మొహం పక్కకి తిప్పుకున్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"అడిగితే మనం ఇవ్వమా?" అన్నారు మా ఆయన.

"అడగరు. అదే కదా మన గొడవంతా!"

ఏం చెయ్యాలో తోచక ఫ్రిజ్ పైభాగం తుడుస్తుంటే, తలుపు బందులకి రెండో పక్కన చిన్న ప్లాస్టిక్ మూతలు కనిపించాయి. గోటితో ఊడదీస్తే కింద స్క్రూ కన్నాలు. తలుపు ఇటు కూడా బిగించుకోవచ్చన్నమాట! ఇన్నేళ్ళుగా తుడుస్తున్నా అవేమిటని చూసిన పాపాన పోలేదు. తమ్ముడు తలుపు పట్టుకున్నాడు, నేను బందులు విప్పి అటు మార్చాను. తలుపు మూసి సందులో కాగితం పెడితే జారిపోయింది. రబ్బరు అతకలేదని మళ్ళీ వదులు చేసి బిగించాను. ఈసారి లాగితే కాగితం గట్టిగా పట్టుకుంది.

సాయంత్రానికి నీళ్ళు చల్లబడ్డాయి. అత్తగారు మంచం అంచుకి జరిగారు. సాయం వెళ్ళకుండా ఉండటానికి గుమ్మం గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ కుడిచేత్తో తలుపు లాగారు. జగ్గు తీసి, స్టూలు మీది గ్లాసులోకి వంచారు. సగం నీళ్ళు స్టూలు పాలయ్యాయి. ఆ గ్లాసు నా వైపు చాచారు.

"ఇదుగో, తాగు. పొద్దుట్నుంచీ అరిచి అరిచి గొంతెండిపోయుంటుంది."

జబ్బు చేశాక ఆవిడ తన చేత్తో ఇంకొకరికి ఏదైనా ఇవ్వడం అదే మొదలు. గటగటా తాగేసి, ఇంకో గ్లాసు అడిగాను.