కొర్రచేనుకు ఇసుక

పెద్దముడియం దాటాక రోడ్డు పక్కనే పది ఎకరాల వ్యవసాయ మ్యూజియం ఉంది. అక్కడ కాడి, మడక, గొర్రు అద్దాల వెనక పడుకోవు. పొద్దున్నే లేచి పనికి పోతాయి. పంట పండుతుంది, దాన్ని తింటారు కూడా.

అందులో వరమ్మ విత్తనం పోసే మనిషి. ఎద్దులు గొర్రును లాగుతుంటే వెనకే నడుస్తూ, గొర్రు మీదుండే చెక్కగిన్నెలోకి ఒళ్ళోని గింజలు గుప్పిటతో సమంగా వదలాలి. ఓస్, ఇంతేనా అంటారు చూసినవాళ్ళు. చేసి చూడమనండి! ఎక్కువ జారితే మొలక గుంపు కడుతుంది, తక్కువైతే చేను బట్టతల. జమ్మలమడుగు చుట్టుపక్కల అట్లాంటి చెయ్యి ఉన్నవాళ్ళు ముగ్గురుండేవాళ్ళు. ఇద్దరు పోయారు.

విత్తడానికి పనికొచ్చే వాన ఏడాదికి మూడు నాలుగు సార్లు పడితే గొప్ప. చూడ్డానికి వచ్చే బస్సులేమో ప్రతి శనివారం. అందుకని మేనేజరు భాస్కర్ ఓ ఏర్పాటు చేశాడు. గేటు పక్కన తాడు కట్టిన మడిలో వారం వారం విత్తి చూపించాలి, గింజలకు బదులు ఇసుక. వరమ్మ ఏడాది పొడవునా ఇసుక విత్తింది. ప్రొద్దుటూరు బడిపిల్లలు చప్పట్లు కొట్టారు. ఏమీ మొలవలేదేమని ఒక్కరూ అడగలేదు.

ఆషాఢంలో ఒక గురువారం వాన దంచింది. చేను పదునెక్కింది. సాయంత్రం వరమ్మ కొర్రల్లో మూడింతలు పెన్నా ఇసుక కలిపింది. కొర్రగింజ మరీ సన్నం, ఒట్టిదే పోస్తే గుప్పిట్లో నిలవదు. ఇసుక కలపడం పాత పద్ధతే. కలిపిన సంచీని స్టోరులో పెట్టింది. దాని పక్కనే శనివారాలకు వాడే ఒట్టి ఇసుక సంచీ. రెండూ మ్యూజియం బొమ్మ అచ్చేసిన తెల్ల సంచులే.

శుక్రవారం స్టోరు చూసే ముజమ్మిల్ ఒక సంచీ ఇచ్చాడు. వరమ్మ నాలుగెకరాల చేను విత్తింది. శనివారం ఇంకో సంచీ ఇచ్చాడు. బస్సుల ముందు మడి విత్తింది.

వారం తిరిగేసరికి గేటు పక్క మడి పచ్చగా ఉంది. నాలుగెకరాల్లో గడ్డి తప్ప ఏమీ లేదు.

"కళ్ళు నెత్తికెక్కాయా? రేపట్నుంచి పనిలోకి రావద్దు," అని భాస్కర్ ముజమ్మిల్ మీద విరుచుకుపడ్డాడు. ముజమ్మిల్ స్టోరు తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. సంచులు ఇచ్చింది తనే మరి.

గొర్రు తోలే రామన్న మాత్రం వరమ్మ వైపే చూస్తున్నాడు. ఆమెను కొట్టం దగ్గరికి పిలిచాడు.

"సంచీ మారితే మారనీక్కా. గుప్పిట్లోకి తీసుకున్నాక నీకు తెలీకుండా యాడికి పోతాది? కండ్లు సాలు మీద, యేళ్ళు గింజ మీద అని నువ్వే అంటాంటివి గదా."

వరమ్మకు దుఃఖం పొర్లుకొచ్చింది.

"ఉగాది కాడ్నుంచి యేళ్ళకు ఏమీ తెలీడం ల్యా రామన్నా. చక్కెర జబ్బు. ఆసుపత్రిలో డాక్టరు సూది పెట్టి గుచ్చుకుందా అనె. ఆయప్ప చెయ్యి కదిలేది చూసి ఆఁ అంటి."

"డాక్టరుకే అబద్ధం చెప్తివా!"

"ఈ చెయ్యి పోతే నేనేందప్పా? చేను నమ్ముకున్నేది ఈ చేతినే గదా."

వరమ్మ కళ్ళు తుడుచుకుని ఆఫీసుకు నడిచింది. తన పని పోతుందని ఆమెకు తెలుసు. అయినా ఆగలేదు.

"సార్, ముజమ్మిల్‌ను తియ్యొద్దు, నన్ను తియ్యి. గింజేదో ఇసకేదో నా చేతికి తెలీకపాయ. తప్పు నాది," అని వేళ్ళ సంగతంతా చెప్పేసింది.

భాస్కర్ ఓపిగ్గా విన్నాడు. మంచివాడే పాపం. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు.

"మిమ్మల్ని తీసేయడమేంటి వరమ్మగారూ! ముజమ్మిల్‌నీ ఉండమంటాను. పదును ఆరకముందే ట్రాక్టరుతో చేను విత్తిస్తాను. ఇకనుంచి ఏటా అంతే. మీరు శనివారాలు చూసుకోండి చాలు."

వరమ్మ టీ గ్లాసు పట్టుకుంది. వేడిగా ఉందో లేదో తెలియలేదు.

"ఈ చేతుల్తోనా సార్?"

"ఇసుకే కదండీ! దానికి వేళ్ళతో పనేముంది? ఈ శనివారం రెండు బస్సులొస్తున్నాయి. కాస్త నవ్వుతూ పోయండి."

బయట రామన్న, ముజమ్మిల్ నిలబడి ఉన్నారు. ముజమ్మిల్ ముఖం చూడలేక ముందు అతనికే చెప్పింది, "నీ పని పోల్యా నాయనా, పో." అతను దణ్ణం పెట్టి స్టోరుకు పరిగెత్తాడు.

"నిన్నేమనె?" అన్నాడు రామన్న.

"ఉండమన్యాడప్పా. ఇసక పోసేదానికి నా చెయ్యి బాగానే ఉందంట," అని వరమ్మ అక్కడే మెట్టు మీద కూలబడి భోరుమని ఏడ్చింది.