దొరకు పథ్యం

కుక్కకు అలర్జీ అని నేను చెబితే మా అత్తగారికి అల్లరి అని వినబడింది. "పెంపకం అలా ఉంటే అల్లరి కాక ఏమొస్తుంది" అని హాల్లోంచే తీర్పు చెప్పేసింది. ఆ రోజునుంచి అది ఒళ్లు గోక్కున్నప్పుడల్లా మడిచిన పేపరుతో ఒకటి వేస్తోంది. "అల్లరి కాదత్తయ్యా, అలర్జీ. చర్మానిది" అన్నాను. "అంటే నాకు చెవుడా?" అంది. ఈ ఇంట్లో ఆవిడ చెవికి అందనిదంతా నా నోటి తప్పే.

కుక్కను తెచ్చింది మా ఆయన. దొర అని పేరు పెట్టిందీ ఆయనే. ఫోటోలు ఆయనవి, పెంట ఎత్తడం నాది. దానికి దురద, ఆయనకు సరదా. గోకుడు దానిది, గోడు నాది.

పశువుల డాక్టరమ్మ చెప్పిన ప్రకారం మందు షాంపూతో రుద్ది, నురగ ఆరకుండా కాసేపు దాన్ని పట్టుకు కూర్చోవాలి. వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడవాలి. పక్కగుడ్డలు వేడినీళ్లలో ఉతకాలి. తిండి చేప, బంగాళాదుంప, అంతే. ఇంకేది తగిలినా మళ్లీ మొదటినుంచి. పథ్యం దొరది, వంట నాది, పెత్తనం తల్లీకొడుకులది. ఆయన భోంచేస్తూ బల్ల కింద చికెన్ ముక్క జారవిడుస్తాడు. "ఒక్క ముక్కకేమవుతుంది? పాపం, మూగజీవి." నాకు నోరుంది కాబట్టి ఆ జాలి నాదాకా రాలేదు. తెల్లారేసరికి దొర పొట్ట ఎర్రగా కందిపోయేది. "చూసుకోవడం చేతకాదు నీకు" అనేవాడు.

చేతకాకపోవడమేమిటి, చేతులే లేకుండా పోతున్నాయి. షాంపూకి అరచేతులు పగిలి నెత్తురు కారుతోంది. ఆఫీసులో పక్కసీటావిడ నా దగ్గర ఫైలు అందుకోవాలంటే దాని అంచు రెండువేళ్లతో పట్టుకుంటుంది. ఒకరోజు దొర ఆయింట్‌మెంట్ కాస్త రాసుకుంటుంటే ఆయన చూశాడు. నొప్పిగా ఉందా అని అడుగుతాడనుకున్నాను, పిచ్చిదాన్ని. "జాగ్రత్త, దానికి చాలదు" అన్నాడు.

తర్వాత కొత్త సోఫాకి ఆర్డరిచ్చాడు. "అది వచ్చేలోగా ఈ గోకుడు తగ్గకపోతే ఊరి బయట వదిలేసి వస్తా." నేను గుమ్మంలోకి వస్తే లేచి నిలబడేది ఆ ఇంట్లో అదొక్కటే. ఆ మాటకి నాకు అన్నం సయించలేదు. ఆయన మాత్రం రెండోసారి వడ్డించమన్నాడు.

ఆఖరిసారని ముగ్గురం కలిసి పశువుల డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాం. ఆమె పొట్ట చూసి, చెవులు చూసి అంది: "మీ ఇంట్లో దీనికి సరిపడనిది ఏదో ఉంది. తీసేసి చూడండి."

అత్తగారు నావైపు ఓరగా చూసింది. "మేమూ చాలాకాలంగా అదే అనుకుంటున్నాం."

ఆయన పకపకా నవ్వాడు. డాక్టరమ్మ నవ్వలేదు. గొలుసు పట్టుకున్న నా చేతిని తిప్పి చూసి, "ఇదేమిటి?" అంది.

"అదా, అది ఆవిడకి మామూలే" అన్నాడాయన.

గొలుసు ఇంకో చుట్టు చుట్టుకుని, బయటికొచ్చి, దొరతో సహా ఆటో ఎక్కి మా అక్క ఇంటికి పొమ్మన్నాను. వెనకనుంచి ఆయన అరుస్తున్నాడు, కారు తాళాలు నా సంచీలో ఉన్నాయని. తాళాలు మాత్రం ఆటోలోంచి విసిరేశాను.

కొన్ని వారాలకు ఫోన్ చేశాడు. "సోఫా వచ్చింది. అలకలు చాలు. నీళ్లందించే దిక్కులేదిక్కడ. దొరకెలా ఉంది?" నాకెలా ఉందని అడగలేదు. స్పీకరు పెట్టి, అందర్నీ పిలవమన్నాను. అత్తగారి చెప్పుల చప్పుడు, సోఫా చూడ్డానికొచ్చిందేమో, ఆడపడుచు దగ్గు వినబడ్డాయి.

"అత్తయ్యా, ఈసారి గట్టిగా చెబుతున్నా. డాక్టరమ్మ అన్నది అల్లరి కాదు, అలర్జీ. దొరకి చికెన్ పడదు. బల్ల కింద పెట్టింది మీ అబ్బాయి. గోక్కుంటే కొట్టింది మీరు. ఇప్పుడది గోకడం మానేసింది. నా చేతులూ మానాయి. సరిపడనిదాన్ని ఇంట్లోంచి తీసేసి చూడమన్నారు కదా, నేను ఇంటినే తీసేసి చూశాను."