వణికిన పన్నెండు ఫ్రేములు

పగ పెట్టుకున్నవాళ్లకి లాక్‌డౌన్ అంత అనువైన కాలం ఇంకోటి ఉండదు. పగవాడు ఎక్కడికీ పోడు. పక్క గదిలోనే ఉంటాడు, అదే వంటింట్లో పోపు పెడతాడు, మన డబ్బాలోంచే ఆవాలు తీసుకుంటాడు. జర్మనీలోని పాడర్‌బోర్న్‌లో ఒకే అద్దె ఇంట్లో చెరో గదీ తీసుకున్న హైమావతికి ఆ చలికాలమంతా శశికాంత్ అలాగే దొరికాడు.

ఇద్దరూ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ చేస్తున్నారు. క్లాసులు ఆన్‌లైన్‌కి మారాక హైమావతి తన గదిలో స్టాప్ మోషన్ సినిమా మొదలుపెట్టింది. స్పాంజితో ముసలి టైలర్ని చేసి, వేలెడంత కుట్టుమిషన్ ముందు కూర్చోబెట్టి మాస్కులు కుట్టించింది. బొమ్మని రవ్వంత కదపాలి, ఫొటో తీయాలి. సెకనుకి పన్నెండు ఫొటోలు. మూడు నిమిషాలకి రెండు వేల నూట అరవై. ఒక్కదాంట్లో వెలుతురు కాస్త తేడా వచ్చినా తెరమీద బొమ్మ మిణుకుమంటుంది. అందుకని కిటికీలకి అల్యూమినియం ఫాయిల్ అంటించింది. బట్టల మీద పడ్డ వెలుగు బొమ్మ మీదికి తిరిగొస్తుందని నాలుగు నెలలూ నల్ల స్వెట్టరే వేసుకుంది. వంటింట్లో ఓవెన్ వేస్తే దీపం మందగిస్తోందని పగలు ఎవర్నీ ఓవెన్ ముట్టుకోనివ్వలేదు.

"బొమ్మలాట ఆడుతున్నవా, మమ్మల్ని ఉపాసం ఉంచుతున్నవా?" అనేవాడు శశికాంత్.

ఆ శశికాంతే, తన కంప్యూటర్ గట్టిదని, సినిమాని ఒక పోటీకి తనే అప్‌లోడ్ చేస్తానన్నాడు. చేశాడు కూడా. ఫైనల్ లిస్టులోకి వచ్చాక చూస్తే దర్శకత్వం, కెమెరా, యానిమేషన్ అన్నీ శశికాంతే. హైమావతి పేరు చివర్న కృతజ్ఞతల్లో ఉంది, ఇంటి ఓనరమ్మ పేరు తర్వాత.

"ఫారంల ఒక్క పేరే పట్టింది హైమా. గెల్చినంక మారుద్దాం తీ. ఏమైతది?"

ఆమెకి ఒళ్లంతా కారం రాసినట్టయింది. జడ్జీలకి ఈమెయిల్ రాద్దామనుకుని మానేసింది. రాస్తే ఇద్దరు ఇండియన్ స్టూడెంట్లు తన్నుకుంటున్నారని నవ్వుకుంటారు. అలా కాదు, వాడి నోటితోనే తన పేరు చెప్పించాలి, అందరి ముందూ చెప్పించాలి. మూడు వారాలు వాడికి పప్పులో కరివేపాకు కూడా తీసి వడ్డిస్తూ కాచుకుని కూర్చుంది.

ఫైనల్‌కి వచ్చినవాళ్లు జూమ్‌లో జడ్జీల ఎదుట ఒక్క సెకను సినిమా తీసి చూపించాలని కబురొచ్చింది. శశికాంత్ ఆమె గది తలుపు కొట్టాడు. "లైట్లు నువ్వు చూస్కో హైమా. నేను మాట్లాడ్త."

"అలాగే," అంది. అంత మెత్తగా ఆమె ఎవరితోనూ మాట్లాడి ఎరగదు. వాడు అప్పుడే భయపడాల్సింది.

ఆమె పథకం చిన్నది. తెల్ల చొక్కా వేసుకుని, బొమ్మ పక్కన అటూ ఇటూ తిరుగుతూ ఫ్రేములన్నీ పాడుచేయాలి. ఎందుకిలా అయిందని జడ్జీలు అడిగితే జవాబు కోసం వాడు తన పేరే ఎత్తాలి. చొక్కా ఇస్త్రీ చేసి పెట్టుకుంది కూడా. కానీ వేసుకోవాల్సిన పని రాలేదు. ఉదయం పదకొండింటికి, జూమ్ కలవబోతుండగా, శశికాంత్ కెమెరా స్క్రీన్ మీద హెచ్చరిక చూసి మొహం చిట్లించాడు.

"లెన్స్ లూజున్నది. నువ్వు చూసుకోలె?" అని టక్కున బిగించాడు.

ఆ లెన్స్‌ని వదులు చేసింది హైమావతే. సరిగ్గా బిగిస్తే, లోపలి రంధ్రం ప్రతి ఫొటోకీ తెరుచుకుని మళ్లీ మూసుకుంటుంది, మూసుకున్న ప్రతిసారీ వెలుతురులో వెంట్రుకవాసి తేడా వస్తుంది. కావలసిన చోట దాన్ని ఆపి లెన్స్‌ని కొంచెం తిప్పి వదిలేస్తే ఇక కదలదు. ఈ పని తెలిసినవాళ్లంతా చేసేది అదే. తెలియనివాడికి మాత్రం అది నిర్లక్ష్యంలా కనిపిస్తుంది. హైమావతి నోరు మూసుకుని దీపం సర్దింది.

శశికాంత్ పన్నెండు ఫొటోలూ తీశాడు. నడిపించి చూపించాడు. టైలర్ పోబోయే ట్యూబ్‌లైట్‌లా కొట్టుకున్నాడు.

తెరమీద ఫ్రౌ లిండ్నర్ అనే పెద్ద జడ్జి ముందుకు వంగింది. "మీ సినిమా అంతటా ఒక్క ఫ్రేమూ వణకలేదు. పన్నెండు ఫ్రేములకి ఇలా ఎందుకైంది?"

"లెన్స్ వదులుగా ఉంటే ఇప్పుడే బిగించాను మేడం."

లిండ్నర్ కళ్లజోడు తీసింది. "దాన్ని ఎవరు వదులు చేశారు?"

శశికాంత్ లెన్స్ వైపు చూశాడు, తర్వాత హైమావతి వైపు.

"ఒక్కరే చేశామని మీరు రాశారు. ఇద్దరూ కలిసి చేసి ఉంటే ఇప్పుడే దిద్దుకోండి. వేరేవాళ్ల సినిమా అయితే మాత్రం పోటీలోంచి తీసేస్తాం."

వాడు మైకు ఆపేసి ఆమె వైపు తిరిగాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది. "హైమా, ఇద్దరం చేసినమని చెప్పు. నీ పేరే ముందు పెడ్త. సినిమా బతుకుతది, నీ కాళ్లు మొక్కుత."

సినిమా బతుకుతుంది. అదొక్కటీ నిజమే. నాలుగు నెలల స్వెట్టరూ, ఫాయిలూ, ముసలి టైలరూ అన్నీ నిలుస్తాయి, కాకపోతే పక్కన వీడి పేరు కూడా నిలుస్తుంది. ఆమె వంగి మైకు తెరిచింది.

"ఇద్దరం కాదు. రెండు వేల నూట అరవై ఫ్రేములూ నేనే తీశాను. నా పేరు హైమావతి."

రెండు నిమిషాల్లో సినిమా లిస్టులోంచి పోయింది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే, ఆమెకీ తెలుసు.

"సినిమా పాయె. నీకేమొచ్చింది?" అన్నాడు శశికాంత్.

"నీకు పోయిందిగా," అని వాణ్ణి బయటికి నెట్టి గడియ పెట్టుకుంది. స్పాంజి టైలర్ని ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. మధ్యలో ఆ సున్నం ముఖం గుర్తొచ్చి, ఏడుస్తూనే నవ్వేసింది.