ఒక్క రోజులో పదకొండు చోట్లు

బస్సు డిపోలో ఆవిడని అందరూ సెకన్ల ముల్లు అంటారు. టైమ్‌కీపర్ ఉద్యోగం. ఏ బస్సు ఎన్నింటికి వచ్చిందో, ఎన్నింటికి కదిలిందో రాసి సంతకం పెట్టడమే పని. ఇరవై రెండేళ్ళుగా అదే కిటికీ, అదే కుర్చీ. నిమిషం ఆలస్యమైతే ఎంతటి డ్రైవరైనా ఆవిడ ముందు నీళ్ళు నమలాల్సిందే. అలాంటి మనిషికి ఈ వేసవిలో కాళ్ళూ చేతులూ ఆడటం లేదంటే డిపోలో ఎవరూ నమ్మరు.

అంతా అక్క కూతురి గురించే. అక్క పోయాక ఆ పిల్లకి తల్లీ పిన్నీ రెండూ ఈవిడే. ఇప్పుడు దానికి పంతొమ్మిదేళ్ళు. నెల కిందట కళ్ళ డాక్టరు నాన్చకుండా చెప్పేశాడు. చూపు అంచుల నుంచి మూసుకొస్తోంది, దీనికి మందు లేదు, చలికాలం నాటికి వెలుగూ నీడా తెలిస్తే గొప్ప. ఆసుపత్రి మెట్లు దిగుతూ పిల్ల ఒకే మాట అంది.

"ఎవరికీ చెప్పకు పిన్నీ. ఉన్న కాస్త చూపూ జాలి మొహాలు చూడ్డానికి ఖర్చు పెట్టలేను."

ఆ రోజు నుంచి పిన్నికి ఒకటే పట్టుకుంది. ఈలోగా పిల్లకి ఊరంతా చూపించెయ్యాలి. పుట్టి పెరిగిన ఊరే, కానీ సొంత ఊరిని పనిగట్టుకుని చూసేదెవరు? పిల్ల లైట్‌హౌస్ ఎక్కింది లేదు, మ్యూజియం గడప తొక్కింది లేదు. మనిద్దరం వెళ్దామంటే ఇట్టే పసిగట్టి ససేమిరా అంటుంది. పదిమందిలో కలిపి తీసుకెళ్తే అనుమానం రాదు. కాలనీ గ్రంథాలయం వెనక గదిలో ప్రతి ఆదివారం యువజన సంఘం కూడుతుంది. పిల్లతో కలిపి పదిహేను మంది. ఏటా వేసవిలో ఒకరోజు అంతా కలిసి ఎటో ఒకచోటికి వెళ్తారు. ఈసారి వాళ్ళ చేత నగర దర్శనం అనిపిస్తే చాలు.

అనిపించడమే గండం. ఆ సంఘంలో ఏం చెయ్యాలన్నా చేతులెత్తాలి, సగం కంటే ఎక్కువ లేవాలి. పెద్దవాళ్ళు సలహా చెప్పొచ్చు గానీ చెయ్యెత్తకూడదు. కుర్రకారేమో ఏటికి ఈతకెళ్దామని ఉవ్విళ్ళూరుతున్నారు. ఎండలు మండిపోతుంటే పాత గోడలు చూడమంటే ఎవరికి మాత్రం బుద్ధి పుడుతుంది?

పిన్ని కాలికి బలపం కట్టుకుని తిరిగింది. డ్యూటీ దిగడం, ఎవరో ఒకరి గుమ్మం ఎక్కడం. సంఘం అధ్యక్షుణ్ణి నిచ్చెన అంటారు, ఆ పొడుగు చూస్తే మీరైనా అదే పేరు పెడతారు. కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తాడు. అక్కడికీ వెళ్ళింది.

"మ్యూజియంలో ఏముంటాయి ఆంటీ, పాత కుండలు. మా అటక మీద బోలెడున్నాయి."

"ఈ ఒక్కసారికి నా మాట విను బాబూ. నీకు దణ్ణం పెడతాను."

వాడు స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు. సెకన్ల ముల్లు ఒకరికి దణ్ణం పెట్టడం వాడు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. "అంత అవసరమేంటి ఆంటీ?" అని అడిగాడు.

ఏం చెబుతుంది? మాట నోటిదాకా వచ్చింది, మింగేసింది. "ఊరికే" అంది. కొంప మునిగిపోతుంటే ఊరికే అనాల్సొచ్చింది పాపం.

ఆదివారం నాటికి కాగితం తయారైంది. గీతలు కొట్టి, గళ్ళు వేసి, అచ్చం డిపోలో వేసినట్టే. చోటు, రాక, పోక. పాత వంతెనతో మొదలుపెట్టి కొండమీది తోట దాకా పదకొండు చోట్లు, తొమ్మిది గంటల్లో. ఒక్క నిమిషం వృథా లేదు. సంఘం గది గోడకి అంటించి పక్కన నిలబడింది. రేడియో అని ఒకమ్మాయి ఉంది, నోరు మూతపడదు. ఆ అమ్మాయి వేలు పెట్టి ఒక్కో గడీ చదివింది.

"ఆంటీ, లైట్‌హౌస్‌కి రాక పది నలభై, పోక పది నలభై రెండు. నూట తొంభై మెట్లెక్కి దిగడానికి మనకి రెండు నిమిషాలా?"

"ఎక్కక్కర్లేదేమో, హారన్ కొట్టి వచ్చేస్తే చాలు" అన్నారెవరో.

గది గొల్లుమంది. పిన్ని కాగితం వంక చూసింది. నిజమే. పదకొండు చోట్లా రెండేసి నిమిషాలే. ఆవిడ లెక్కలో ఆగిన బస్సంటే నష్టపోతున్న బస్సు. ఇరవై రెండేళ్ళ అలవాటు చేతికి అంటుకుపోయి, ఊరంతా తిప్పి చూడ్డానికి మాత్రం టైమ్ పెట్టలేదు. ఎవరి కళ్ళ కోసం ఇంత పాకులాడిందో ఆ కళ్ళకే ఏమీ మిగల్చలేదు. సిగ్గుతో ఆవిడకి చచ్చిపోవాలనిపించింది.

"తగ్గిస్తాను" అంది గబగబా. "ఆరు చోట్లు చేస్తాను. పోనీ నాలుగు. ఒక్కటి చూసినా చాలు, ఒక్కటి చూడండి." నవ్వులు ఆగిపోయాయి.

నిచ్చెన ఇబ్బందిగా లేచి చేతులెత్తమన్నాడు. ఈతకి ఏడు చేతులు లేచాయి. నగర దర్శనానికీ ఏడే లేచాయి. అవి పిన్ని గుమ్మాలెక్కి బతిమాలుకున్న చేతులు. మిగిలింది పిల్ల. కిటికీ పక్కన ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. అందరూ అటు తిరిగారు. ఎత్తవే తల్లీ అని పిన్ని కళ్ళతోనే వేడుకుంది.

"నాది రెండూ కాదు" అంది పిల్ల. లేచి నిలబడింది. "నాకు చూపు పోతోంది. చలికాలానికి ఉండదు. చెప్పొద్దని పిన్ని దగ్గర నేనే మాట తీసుకున్నాను, అందుకే ఆవిడకిన్ని తిప్పలు."

రేడియో నోరు కూడా మూతపడింది.

"పిన్నీ, లైట్‌హౌస్ చూసి నేనేం చేసుకోను? చూపు లేనివాళ్ళకి పని నేర్పే కేంద్రం ఉంది. పోయిన వారమే వెళ్ళి పేరు రాయించుకున్నాను. చలికాలం నుంచి రోజూ వెళ్ళాలి. ఇక్కణ్ణించి రెండు బస్సులు. ఆ దారి నాకు కళ్ళుండగానే కంఠతా రావాలి, ఎక్కడ గుంట ఉందో, ఎక్కడ దాటాలో." స్నేహితుల వైపు తిరిగింది. "ఈతకో ఊరు చూడ్డానికో అనుకున్న ఆ రోజు నాతో రండి. నేను కళ్ళు మూసుకుని నడుస్తాను, తప్పితే చెప్పండి. రేపు ఎవరో ఒకరు తోడు రావాలి కదా, మీకూ ఆ దారి తెలియాలి."

నిచ్చెన అందరి వైపూ తిరిగాడు. "ఇది మూడోది. చేతులెత్తండి" అన్నాడు. ఒక్కటి మిగలకుండా అన్నీ లేచాయి.

పిన్నికి పట్టరాని కోపం వచ్చింది. పిల్ల మీద, డాక్టరు మీద, లేచిన ఆ చేతుల మీద. తనేమో నెల రోజులుగా ఆ కళ్ళకి వీడ్కోలు ఏర్పాట్లు చేస్తోంది. పిల్ల ఎప్పుడో ఒప్పేసుకుంది, ఆ తర్వాతి బతుక్కి దారి కూడా వెతుక్కుంటోంది. ఆ గదిలో ఇంకా ఒప్పుకోనిది తనొక్కతే.

"ఇంకో డాక్టరుకి చూపిద్దామే" అంది అందరి ముందే, ఏడుస్తూ.

"చూపిద్దాం" అంది పిల్ల. దగ్గరికొచ్చి పిన్ని భుజం పట్టుకుని కళ్ళు మూసుకుంది. "ముందు ఇది చెప్పు. మన స్టాప్‌లో నేనెక్కే బస్సుకి ఎన్ని మెట్లు?"

బస్సు సంగతి ఆవిడకి తెలియకపోవడమా?

"మూడు" అంది పిన్ని ఎక్కిళ్ళ మధ్య. "మొదటిది బాగా ఎత్తు. కుడిచేతి వైపు కమ్మీ ఉంటుంది, పట్టుకోవాలి."

పిల్ల కళ్ళు తెరవకుండానే కుడిపాదం గాల్లోకి ఎత్తింది. "ఇంత ఎత్తా?"

పిన్నికి చూడటం కష్టమైంది. అయినా చూసింది.

"కాదు, ఇంకొంచెం" అంది.