తొమ్మిది ఇరవై ముహూర్తం

దేవుడిచ్చే బిడ్డకు పుట్టే గడియ మనం పెట్టవచ్చా? ఇరవై ఆరేళ్లుగా నాలో ఉన్న అనుమానమిది. శనివారం ఒక్కపొద్దు తప్పని దాన్ని, పంచాంగం చూడనిదే పొలంలో విత్తనం పెట్టనివ్వని దాన్ని. ఎవరిని అడగను?

నా బిడ్డ సింధు తొలి కాన్పుకు కొడకండ్లలోని మా ఇంటికి వచ్చింది. నెలలు నిండాయి. ఆ సోమవారం టేకుమట్ల నుంచి వియ్యపురాలు సరళ, పంతులు రాసిచ్చిన చీటీతో దిగింది.

“శుక్రవారం పొద్దుగాల తొమ్మిది ఇరవై. గసుంటి గడియ మళ్ల రాదంట వదినా. జనగామల ఆపరేషన్‌కు మాట్లాడుదాం.”

“బిడ్డ తల కిందికే ఉన్నది, నా బీపీ మంచిగున్నది అత్తమ్మా,” అంది సింధు. “నొప్పులు వచ్చేదాంక ఆగుత. అవసరం పడితే కోయించుకుంట. కాని ఎందుకో నాకు చెప్పాలె, నన్ను అడగాలె.”

“నిన్నడిగేదేంది? పుట్టేది మా ఇంటి బిడ్డ!”

“కోసేది ఇంటిని గాదు గదా అత్తమ్మా, నన్ను.”

నాకు నవ్వు ఆగలేదు. సరళ నా మీదికి తిరిగింది. “నువ్వన్న చెప్పు వదినా! సింధును ముహూర్తం పెట్టి కన్నవు గాబట్టే గదా అంత మంచి జాతకం. అది చూసే గదా మా అజిత్‌కు చేసుకున్నం.”

ఇన్నేళ్లు బయట ఎవరికీ చెప్పని మాట. అయినా చెప్పేశాను.

“గా ముహూర్తం శుక్రవారం ఎనిమిది నలభైకి వదినా. డాక్టరమ్మ కారు చెడిపోయి వచ్చేసరికి పదకొండు. సింధు రాహుకాలంల పుట్టింది. మా మామ పంతులుకు ముహూర్తం టైమే చెప్పి జాతకం రాయించిండు.”

సరళ చేతిలోని చీటీ వైపు చూసింది. “అంటే పుట్టని పిల్ల జాతకంతోని పెండ్లి చేసినమా?”

“పుట్టిన పిల్లనే మంచిగ చూసుకుంటున్నరు గదా.”

ఆమె చీటీ మడిచి సంచిలో వేసుకుంది. “మీ అన్నయ్యకు మాత్రం చెప్పకు. పరేషాన్ అయితడు.”

శుక్రవారం తొమ్మిది ఇరవైకి సింధు అటుకులు తింటోంది. శనివారం పొద్దున నొప్పులు మొదలయ్యాయి. నొప్పికీ నొప్పికీ నడుమ ఎడం ఐదు నిమిషాలకు తగ్గగానే, మా ఇంట్లోనే ఆగిపోయిన సరళతో కలిసి జనగామ సర్కారు దవాఖానకు వెళ్లాం. లోపలికి ఒక్కరినే రానిస్తారట. సింధు నా చెయ్యి పట్టుకుంది.

కాన్పు చేసే సిస్టర్ కళావతి పడుకోబెడుతుందనుకున్నాను. “నడువు బిడ్డా, నీళ్లు తాగు. మొత్తుకోవాల్ననిపిస్తే మొత్తుకో, ఇక్కడ ఎవ్వరు తిట్టరు,” అంది. సింధు నడిచింది, పెద్ద రబ్బరు బంతి మీద కూర్చుని ఊగింది, నేను నడుము ఒత్తాను. చివరికి పక్కకు తిరిగి పడుకుంటానంది. సరేనన్నారు! ఎట్లా పడుకోవాలో ఆడమనిషి చెప్పవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. తడి ఆరకముందే సింధు గుండెల మీద పెట్టారు. నేను ఏడుస్తూ, నవ్వుతూ బయటికి పరుగెత్తాను.

“ఎన్ని గంటలకు వదినా?” అంది సరళ.

“అయ్యో, చూడనే లేదు!”

ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని నవ్వాం.

ఇరవై ఒకటో రోజు వెళ్లాక, సింధునీ పాపనూ అజిత్‌కు అప్పగించి, సరళను వెంటబెట్టుకుని చిల్పూరు గుట్టకు పోయాను. సింధు పుట్టిన నాడు ఆపరేషన్ బల్ల మీద డాక్టరు కోసం ఎదురుచూస్తూ, బిడ్డ క్షేమంగా బయటపడితే గుట్ట కాలినడకన ఎక్కుతానని వెంకటేశ్వరస్వామికి మొక్కాను. కుట్లు మానలేదని అప్పుడు ఎక్కనివ్వలేదు. ఆ తర్వాత ఎప్పుడు పోయినా బండి మీదే పోయాం.

చెప్పులు కిందే విడిచాను.

“జర ఆగు వదినా, ఊపిరందుతలే,” అని సరళ వెనక నుంచి కేకేసింది.

ఆగి, చెయ్యి అందించాను. పైన కొబ్బరికాయ కొట్టి స్వామికి మొక్కు చెల్లించాను.